గ్రో లైట్లు వెయ్యగానే ఎంసీబీ పడిపోతోందా?

తెల్లవారుజామున ఐదింటికి మా ఇంట్లో వరసగా రెండు చప్పుళ్లు. ముందు వెనక గదిలో గ్రో లైట్లు వేసే టైమర్ టిక్కుమనేది, ఆ వెంటనే హాల్లో డీబీ బాక్సులోంచి, అంటే ఇంటి లైన్ల స్విచ్చులన్నీ ఉండే పెట్టెలోంచి, టప్పుమని ఎంసీబీ పడేది. కరెంటు మోతాదు మించితే తనంతట తానే లైను ఆపేసే స్విచ్ అది. పోనీ రోజూ పడుతుందా అంటే అదీ లేదు. రోజూ పడితే ఒక దారి, అసలు పడకపోతే గొడవే లేదు, వారంలో మూడు రోజులు పడి నాలుగు రోజులు బుద్ధిగా నిలబడితే మాత్రం మనిషికి పిచ్చెక్కుతుంది. దానికి తోడు వాన పడ్డ రోజుల్లో పక్కనున్న ఇంకో లివర్ పడి ఇల్లంతా చీకటయ్యేది. రెండూ ఒకటే జబ్బు అనుకుని మూడు వారాలు తిప్పలు పడ్డాను. కాదని తెలిసేసరికి రెండు టైమర్లు, ఆరు ట్రేల మిరప నారు పోయాయి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అక్కడికి ఆంధ్ర. జూన్ దాటాక మహేంద్రగిరి వైపు మబ్బు పట్టిందంటే వరసగా రోజుల తరబడి ఎండ మొహం కనిపించదు. అప్పుడు ప్రోట్రేల్లో, అంటే గుంటల ట్రేల్లో, పోసిన టమాటా, మిరప, వంగ నారు వెలుతురు కోసం పొడుగ్గా సాగి, దారప్పోగులా సన్నబడి, ఒరిగిపోతుంది. అందుకే వెనక గదిలో ఇనుప ర్యాకులు వేసి, ఎండ బదులు మొక్కలకు వెలుతురిచ్చే గ్రో లైట్లు పెట్టాను. నారుకు రోజూ 14 నుంచి 16 గంటలు వెలుతురు కావాలి. అన్నేసి గంటలు ఆగకుండా వెలిగే సామాను ఇంట్లో ఇంకేదీ ఉండదు, ఫ్రిజ్ కూడా మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. అంతవరకూ గోడలో దాక్కున్న చిన్నచిన్న తప్పులన్నీ గ్రో లైట్లు పెట్టాక బయటపడటానికి ఇదే మొదటి కారణం.

ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక మాటల్లో రాయండని ఆయన పోరాడిన ఊళ్లో కూర్చుని ఎంసీబీని 'సూక్ష్మ పరిపథ విచ్ఛేదకం' అంటే బాగోదు, కాబట్టి కరెంటు సామాన్ల షాపులో ఏమంటామో అవే మాటల్లో చెప్తాను.

మా బావమరిది రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాడు. వాడికి ఫోన్ చేసి లైట్లు వేస్తే ట్రిప్ అవుతోందిరా అని నా గోడంతా వెళ్లబోసుకుంటే, మధ్యలోనే ఆపేశాడు. "బావా, ఏది పడింది, ఎప్పుడు పడింది? ఈ రెండూ ఒక కాగితం మీద రాసి డీబీ బాక్సుకు తగిలించు. సెలవు దొరికాక వస్తాను, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. అప్పుడు విసుగొచ్చింది గానీ, ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే నేనూ ఇదే అడుగుతున్నాను.

ముందు 'ఏది' సంగతి. డీబీ బాక్సు తెరిస్తే వరసగా సన్నటి లివర్లు కనిపిస్తాయి కదా, అవి ఎంసీబీలు, ఒక్కోటి ఇంట్లో ఒక్కో లైనుకు. వాటి పక్కన కాస్త వెడల్పుగా, మీద చిన్న టెస్ట్ బటన్ ఉన్నది ఆర్‌సీసీబీ. షాపుల్లో ఇప్పటికీ చాలామంది దాన్ని ఈఎల్‌సీబీ అనే అడుగుతారు. ఈ రెండూ చూసేవి రెండు వేరే సంగతులు. వైరులో కరెంటు మోతాదు మించితే పడేది ఎంసీబీ. వెళ్లిన కరెంటు వెళ్లినంతా వెనక్కి రాకపోతే, అంటే దారిలో ఎక్కడో గోడలోకో నేలలోకో మనిషిలోకో జారిపోతే పడేది ఆర్‌సీసీబీ. 'ట్రిప్ అయింది' అని ఒక్క మాటలో చెప్తే ఎంత అనుభవమున్న ఎలక్ట్రీషియనైనా చీకట్లో బాణం వెయ్యాల్సిందే.

ఇక ఎంసీబీ లోపల మళ్లీ రెండు ఏర్పాట్లుంటాయి. ఒకటి, రెండు లోహాలు అతికించిన పట్టీ. కరెంటు ఎక్కువైతే వేడెక్కి మెల్లగా వంగి లివర్‌ను పడేస్తుంది. ఇది నిదానస్తుడు. 10 ఆంపియర్ల ఎంసీబీ మీద 11 ఆంపియర్లు లాగినా గంటసేపటి వరకూ పడకూడదని ప్రమాణం, 14.5 ఆంపియర్లు లాగితే మాత్రం గంటలోపు పడి తీరాలి. రెండోది చిన్న వైరు చుట్ట. షార్ట్ అయినప్పుడు ఒక్కసారిగా పోటెత్తే కరెంటుకు అది అయస్కాంతమై కనురెప్పపాటులో లాగేస్తుంది. ఎంసీబీ మీద సీ10 అనో బీ16 అనో రాసి ఉంటుంది, ఆ అక్షరం ఈ రెండో ఏర్పాటు గురించే. బీ రకం రాసిన ఆంపియర్లకు 3 నుంచి 5 రెట్ల మధ్య ఎక్కడైనా తక్షణం పడొచ్చు, సీ 5 నుంచి 10 రెట్ల మధ్య, డీ 10 నుంచి 20 రెట్ల మధ్య.

ఇప్పుడు 'ఎప్పుడు' దగ్గరికి రండి. లైట్లు వేసిన క్షణంలోనే ఎంసీబీ పడితే, పట్టీకి వేడెక్కే టైమే లేదు కాబట్టి పడేసింది చుట్టే. గంటో రెండు గంటలో వెలిగాక పడితే పట్టీ. ఈ ఒక్క ముక్కతో సగం పని అయిపోతుంది.

మాది మొదటి రకం. ట్యూబులైట్ల లాంటి 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్లు 24, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో కొన్న ఎల్ఈడీ బోర్డులు 4. ఆ బోర్డుల మీద 1000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నమ్మకండి, అది పాతకాలపు దీపాలతో పోల్చి వేసుకున్న గొప్ప. మీటరు పెట్టి చూస్తే ఒక్కోటి 110 వాట్లే లాగుతోంది. మొత్తం 920 వాట్లు, 230 ఓల్టులతో భాగిస్తే 4 ఆంపియర్లు. ఎంసీబీ చూస్తే 10. ఎందుకు పడాలి?

మొదట ఆ నాలుగే తప్పు లెక్క. చవక బ్యాటెన్లలో పవర్ ఫ్యాక్టర్ 0.5 దగ్గర ఉంటుంది, అంటే వాట్లను బట్టి రావాల్సిన కరెంటుకు రెట్టింపు వైరులో పరిగెడుతుంది. వైరును దవడలో పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే 6 పైచిలుకు చూపించింది. అయినా పదిలోపే. అసలు కథ లైటు వేసిన మొదటి క్షణంలో ఉంది. ఎల్ఈడీకి కావాల్సినట్టు కరెంటును మార్చి ఇచ్చే డబ్బాను డ్రైవర్ అంటారు. దాని లోపల కరెంటు వచ్చే ముఖద్వారంలోనే కరెంటును నిలవ చేసుకునే కెపాసిటర్ ఒకటి ఉంటుంది. రాత్రంతా ఆగి ఉండటంతో అది ఖాళీ. ఖాళీ కడవను చెరువులో ముంచితే బుడబుడమంటూ నీళ్లెలా లాక్కుంటుందో, స్విచ్ పడగానే ఇది అలా లాగుతుంది. 100, 200 వాట్ల డ్రైవర్ కూడా ఆ క్షణంలో 50, 60 ఆంపియర్లు లాగొచ్చు. మిల్లీసెకను కూడా ఉండదు, తర్వాత అర ఆంపియరుకు దిగిపోతుంది. ఒక్క బోర్డు అలా చేస్తే ఎంసీబీ పట్టించుకోదు. టైమర్ పుణ్యమా అని నాలుగు బోర్డులూ, ఇరవై నాలుగు బ్యాటెన్లూ కలిసి ఒకేసారి కడవ ముంచితే, దానికి షార్ట్ సర్క్యూట్‌కీ దీనికీ తేడా తెలియదు.

మరి వారంలో మూడు రోజులే ఎందుకు? మన కరెంటు సెకనుకు 50 సార్లు పైకీ కిందకీ ఊగుతుంది, సున్నా నుంచి 325 ఓల్టుల దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది. టైమర్ కాంటాక్టు ఆ ఊపులో సున్నా దగ్గర మూసుకుంటే కడవ నిదానంగా నిండుతుంది, కొండ కొమ్మున ఉన్నప్పుడు మూసుకుంటే ఎంసీబీ పడుతుంది. అంతా బొమ్మా బొరుసే. నేను మాత్రం సోమవారం పడింది, మంగళవారం పడలేదు, సోమవారం ఏం చేశామా అని జాతకం వెతుకుతూ కూర్చున్నాను.

కరెంటు ఇలా పోయి అలా వచ్చినప్పుడు పడటం కూడా ఈ కుదురులోదే. పక్కింట్లో 'లైన్ గలా' అని కేకేసేలోపు మళ్లీ వచ్చేస్తుంది చూడండి, ఆ టైపు. చాలా డ్రైవర్లలో తొలి పోటును అదుపు చేసే చిన్న బిళ్ల ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. వెలుగుతూ వెలుగుతూ ఆగి కాసేపట్లోనే మళ్లీ వెలిగితే ఆ బిళ్ల ఇంకా వేడి మీదే ఉంటుంది, అదుపు ఉండదు. పైగా ఆ క్షణంలోనే ఫ్రిజ్, ఇన్వర్టర్ ఛార్జింగ్, నీళ్ల మోటారు అన్నీ కలిసి లేస్తాయి.

దీనికి మందు చాలా చవక. లైట్లన్నీ ఒకే టైమర్ మీద ఉంచకండి. నేను మూడు గుంపులు చేశాను. బ్యాటెన్లు ఐదింటికి, రెండు బోర్డులు 5:05కి, మిగతా రెండు 5:10కి. ఆ రోజు నుంచి పొద్దున్న పడటం ఆగిపోయింది. కరెంటు పోయి వస్తే ఈ ఏర్పాటు పనిచేయదనుకోండి, అన్ని టైమర్లూ ఆన్‌లోనే ఉంటాయి కాబట్టి అందరూ ఒకేసారి లేస్తారు. దానికి కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషాల తర్వాతే లైను కలిపే డిలే ఉన్న పరికరం ఒకటి ఒక గుంపుకు పెట్టుకోవాలి. ఇంకో సంగతి, ఆ గుండ్రటి తిప్పుడు టైమర్ల మీద 16 ఆంపియర్లు అని ఉంటుంది గానీ అది హీటర్ లాంటి వాటికి వేసిన లెక్క. ఎల్ఈడీ డ్రైవర్ల పోటుకు కాంటాక్టులు అతుక్కుపోతాయి, నా రెండు టైమర్లూ అలాగే పోయాయి. ఒకటి విప్పి చూస్తే రెండు కాంటాక్టు బొడిపెలూ కరిగి ఒకటైపోయి ఉన్నాయి. బరువు ఎక్కువైతే టైమర్‌కూ లైట్లకూ మధ్యలో కాంటాక్టర్, అంటే బరువు మోసే గట్టి స్విచ్, పెట్టించడం మంచిది, టైమర్ కాంటాక్టర్‌ను మాత్రమే లాగుతుంది, లైట్ల పోటు కాంటాక్టర్ భరిస్తుంది.

బీ రకం ఎంసీబీ ఉంటే సీకి మార్చమంటారు, అది మామూలుగా సరైన సలహానే. సీ ఉంటే డీకి మార్చేద్దామన్న మాటకు మాత్రం తొందరపడకండి. డీ10 తక్షణం పడాలంటే 100 నుంచి 200 ఆంపియర్లు పారాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నటి సర్వీసు వైరు చివర ఉన్న ఇంట్లో నిజంగా షార్ట్ అయినా అంత కరెంటు రాకపోవచ్చు, అప్పుడు వైరు కాలుతుంటే ఎంసీబీ చూస్తూ కూర్చుంటుంది.

అసలు మొదట్లో వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇంకా సుళువైన దారి చెప్పాడు. లివర్ రెండుసార్లు ఎత్తి చూసి, "ఇరవై లగేఇ దేబి సార్" అన్నాడు. పది తీసేసి ఇరవై పెట్టేస్తాడట. ఆ పూటకు నేనూ సరే అనబోయాను. తెలిసిన మనిషే, మంచివాడే, అడిగినదానికి రూపాయి ఎక్కువ తీసుకోడు. కానీ ఎంసీబీ ఉన్నది లైట్ల కోసం కాదు, గోడలో ఉన్న వైరు కోసం. 1.5 స్క్వేర్ ఎంఎం వైరుకు 10 ఆంపియర్లు, 2.5కు 16 అని పెడతారు, వైరు వేడెక్కి తొడుగు కరిగేలోపు ఎంసీబీ పడాలని. లోపల 1.5 వైరు ఉంచేసి బయట 20 పెడితే, ఇకమీద ముందు పడేది ఎంసీబీ కాదు, ముందు కాలేది వైరు. మాది దూలాల మీద పెంకులు పరిచిన ఇల్లు. ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆలస్యంగా పడే రకం గుణుపురంలో మా తోడల్లుడి ఇంట్లో చూశాను. ఆయన ఒక గదిలో మైక్రోగ్రీన్స్ అనే లేత మొలక కూరలు పెంచుతాడు. సాయంత్రం ఏడున్నర, ఎనిమిది మధ్య రోజూ పడేది. రోజూ, అదే టైముకు. ఆరింటికి గదిలో ఏసీ వేస్తాడు. 16 ఆంపియర్ల ఎంసీబీ మీద లైట్లు, ఏసీ, ఓ డీప్ ఫ్రీజర్ అన్నీ వేలాడుతున్నాయి. ఏసీతో సహా అన్నీ వేసి చూస్తే క్లాంప్ మీటరు మధ్యాహ్నం 16 చూపించింది, రాత్రి 19. సామాను అదే, కరెంటు ఎందుకు పెరిగింది? సాయంత్రం ఓల్టేజీ పడిపోతుంది. పాత బల్బయితే ఓల్టేజీ తగ్గితే తానూ మసకబారి తక్కువ లాగుతుంది. ఎల్ఈడీ డ్రైవర్ అలా కాదు, దాని వాట్లు దానికి కావాల్సిందే, 230 బదులు 180 ఓల్టులే వస్తే ఆ లోటును ఆంపియర్లలో గుంజుకుంటుంది. 200 వాట్ల లైటు 230 దగ్గర 0.87 ఆంపియర్లు లాగితే 180 దగ్గర 1.1 దాటుతుంది. లైటు వెలుగు మాత్రం తగ్గదు కాబట్టి మనకు అనుమానం రాదు.

అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంసీబీలోని పట్టీని 30 డిగ్రీల వేడికి సరిచేసి ఉంచుతారు. డీబీ బాక్సు పడమటి గోడకుండి, ఎండకు కాగి, లోపల పక్కపక్కన అన్ని ఎంసీబీలూ బరువు మోస్తుంటే బాక్సులో వేడి 45 దాటడం పెద్ద విషయం కాదు. పట్టీ సగం వంగే ఉంటుంది, రాసి ఉన్నదానికంటే ముందే పడుతుంది. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది స్క్రూ. మెయిన్ ఆపించి ఆ ఎంసీబీ కింది స్క్రూ తిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగింది, అంటే ఇన్నాళ్లూ వైరు ఊరికే ఆనుకుని ఉందన్నమాట. వైరు చివర ఎర్ర తొడుగు అంగుళం మేర గోధుమ రంగుకు తిరిగి, గోరుతో గీస్తే పెళుసుగా రాలింది. వదులు కనెక్షన్ దగ్గర పుట్టిన వేడి వైరు గుండా ఎంసీబీలోకి ఎక్కి పట్టీని వంచుతుంది. డీబీ బాక్సు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసనో, చేపల కౌసు లాంటి వాసనో వస్తే ఇక లివర్ ఎత్తొద్దు, మెయిన్ ఆపేసి మనిషిని పిలవండి. తోడల్లుడికి చివరికి చేసింది ఏమిటంటే, కాలిన ముక్క కత్తిరించి బిగించడం, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం వైరుతో సొంత లైను లాగడం. అంతే.

ఇప్పుడు మా ఇంటి రెండో జబ్బు. దీని దగ్గరే అసలు మజా ఉంది.

వాన రోజుల్లో పడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్లది. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ రెండూ ఒక ఇనుప కడియం గుండా పోయేలా లోపల ఏర్పాటు ఉంటుంది. రెండూ సమానమైతే కడియం గమ్మున ఉంటుంది. తేడా వస్తే లాగేస్తుంది. 30 అని రాసి ఉంది కాబట్టి 30 దాకా ఆగుతుందనుకుంటాం, ప్రమాణం ప్రకారం అది 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు.

మొదట్లో ఆ బోర్డులకు ఎర్త్ లేదు. ప్లగ్గు మూడు పిన్నులదే గానీ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. మా ఆవిడ నారుకు నీళ్లు చల్లుతూ బోర్డు అల్యూమినియం ఫ్రేముకు చెయ్యి తగిలించి చురుక్కుమంది అంటే, టెస్టర్ పెట్టి చూశాను, వెలిగింది. షార్ట్ ఏమీ లేదు. డ్రైవర్ లోపల రేడియో గోల బయటకు రాకుండా ఫేజు నుంచి బోర్డు లోహపు ఒంటికి, న్యూట్రల్ నుంచి కూడా ఆ ఒంటికే చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ ఉంటే ఆ కొంచెం కరెంటు, బోర్డుకు మిల్లీఆంపియరులోపే, నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఫ్రేము మీద దాదాపు 115 ఓల్టులు ఎక్కి కూర్చుని, తడి చెయ్యి కోసం ఎదురు చూస్తుంది.

సరే అని ఎర్త్ బాగు చేయించాను. చూస్తే ఆర్‌సీసీబీ అంతకుముందు కంటే ఎక్కువ పడటం మొదలెట్టింది! బాగు చేశాక పాడైందేమిటని తల పట్టుకున్నాను. నిజానికి అది సవ్యంగా పనిచేయడం మొదలెట్టింది. ఇన్నాళ్లూ దారి లేక ఫ్రేము మీద ఆగిన కరెంటుకు ఇప్పుడు దారి దొరికింది, కడియానికి లెక్క తేలింది.

అయినా వాన పడితేనే ఎందుకు? అదీ లైట్లు వేసినప్పుడు కాదు, వంటింట్లో మిక్సీ వేసినప్పుడు! కాగితం మీద వరసగా అదే రాసి ఉంది. 'ఆర్‌సీసీబీ, ఉ. 8:20, వాన, మిక్సీ'. 'ఆర్‌సీసీబీ, సా. 6, వాన, మిక్సీ'. 'ఆర్‌సీసీబీ, ఉ. 8, జల్లు, ఇస్త్రీ పెట్టె'. మా అత్తగారు మిక్సీని అనుమానించి వారం రోజులు రోట్లో రుబ్బారు. పచ్చడి బాగుంది గానీ జబ్బు పోలేదు.

బావమరిది సెలవు మీద వచ్చి ఆ కాగితం చూసి నవ్వాడు. "మిక్సీది తప్పు కాదు బావా, ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు, న్యూట్రల్‌లో కరెంటు ఉండదు కదా, తగిలితే ఏం? వాడు చెప్పింది ఇది. మిక్సీలోకి వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో వెనక్కి రావాలి. న్యూట్రల్ ఇంట్లో ఎక్కడైనా, ఏ గదిలోనైనా సరే, ఎర్త్‌కు తగిలి ఉంటే తిరుగు ప్రయాణానికి రెండు దారులు దొరుకుతాయి. ఎక్కువ భాగం న్యూట్రల్‌లోనే వస్తుంది, కొంచెం ఎర్త్ గుండా జారిపోతుంది. ఆ కొంచెం ఆర్‌సీసీబీ కడియంలోకి రాదు. ఇంట్లో బరువైన సామాను ఏది వేస్తే ఆ జారే కొంచెం అంత పెరుగుతుంది. అందుకే తప్పు వెనక గదిలో ఉంటే వంటింట్లో మిక్సీ వేసినప్పుడు పడుతుంది.

పట్టుకోవడమూ అంత తేలిక కాదు. వెనక గది ఎంసీబీ ఆపేసి చూశాం కదా అని నేను వాదించాను. మన ఇళ్లలో మామూలుగా ఉండే ఎంసీబీ ఫేజునే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. అంటే ఎంసీబీలన్నీ ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే ఫేజు లీకేజీ దొరుకుతుంది గానీ న్యూట్రల్ తప్పు ఎప్పటికీ దొరకదు. ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి ఆర్‌సీసీబీ ఎత్తాలి. నిలబడితే ఒక్కో సామానూ పెట్టుకుంటూ రావాలి. అలా దొరక్కపోతే మెయిన్ ఆపి, డీబీలో న్యూట్రల్ కడ్డీ నుంచి ఒక్కో లైను న్యూట్రల్ ఊడదీసి, దానికీ ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టి చూడాలి. ఇది చేతనైనవాడు చేసే పని, మనం టార్చి పట్టుకుని నిలబడితే చాలు. వైరు తొడుగు గట్టిగా ఉందో లేదో చూసే మెగ్గర్ పెడితే మాత్రం ముందు లైట్లన్నీ ఊడదీయించండి, దాని 500 ఓల్టులకు డ్రైవర్లు పోవచ్చు.

వెనక గది న్యూట్రల్ దగ్గర మీటరు పలికింది. ఆ గోడలో 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నీళ్లు దిగాయి, ఆ తర్వాత సున్నం వేసి మర్చిపోయాం. జంక్షన్ బాక్సు మూత విప్పితే లోపల ఇనుప డబ్బా అడుగంతా తుప్పు, నల్ల వైరు తొడుగు ఒకచోట డబ్బా అంచుకు కోసుకుపోయి రాగి మెరుస్తోంది. ఎండగా ఉంటే ఆ తుప్పు పొరే అడ్డం. గోడ చెమ్మగిల్లితే తగులుతుంది. ఆ డబ్బా తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టి, కోసుకుపోయిన వైరు మార్చాం. మిక్సీ మీద పడ్డ నింద అలా పోయింది.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు దీని చుట్టమే ఇంకోటి ఉంటుంది. ఆర్‌సీసీబీకి ముందు నుంచి ఇన్వర్టర్‌కు కరెంటు తీసి, దాని మీద వెలిగే లైట్ల న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ తర్వాతి కడ్డీకి కలిపేస్తారు. వెళ్లింది ఒక దారిన, వచ్చింది ఇంకో దారిన. గ్రో లైట్లను ఇన్వర్టర్ లైనుకు మార్చిన రోజు నుంచే పడుతుంటే ముందు ఇదే అడగండి.

నీళ్ల సంగతి కూడా. నారు గదిలో చల్లేది ఉత్త నీళ్లు కాదు, ఎరువు కలిపినవి, ఉప్పు నీళ్లలాగే కరెంటును బాగా మోస్తాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద ఉండకూడదు, ట్రేల కంటే ఎత్తులో గోడకు ఉండాలి. బోర్డు నుంచి వచ్చే వైరు తిన్నగా ప్లగ్గులోకి దిగకూడదు, ప్లగ్గు కంటే కిందికి జారి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ అడుగున రాలిపోతుంది. ఎర్త్ పిట్‌లో వేసవిలో నీళ్లు పోయాలి. నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కాలి, నొక్కినా పడకపోతే అది గోడకున్న బొమ్మ కింద లెక్క.

వెళ్లే ముందు రోజు బావమరిది తను తెచ్చిన లీకేజీ క్లాంప్‌తో ఒక్కో సామానూ కొలిచాడు. ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లూ కలిపి దవడలో పెడితే తేడా ఎంతో చూపిస్తుంది. ఇల్లు మొత్తం మీద 9 మిల్లీఆంపియర్లు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, ఇన్వర్టర్ కలిపి 3 చిల్లర. బోర్డులు మూడు తలా 0.6. నాలుగోది ఒక్కటే 4! చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకేలా వెలుగుతున్నాయి. దాన్ని పీకేస్తే ఇల్లు 5కు దిగింది. వాన పడితే దాటిపోయే గీతకు అది ఒక్కటే ఇంటిని అంత దగ్గరగా పట్టుకెళ్లింది.

ఆ బోర్డు ఇప్పుడు అటక మీద ఉంది. మొన్న మా వీధి చివర పూలకుండీల షాపతను చూసి అమ్ముతావా అని అడిగాడు. పాడైపోయిందన్నా అన్నాను. ప్లగ్గులో పెట్టి చూపించమన్నాడు, చూపిస్తే భేషుగ్గా వెలిగింది. "బానే ఉంది కదా బాబూ! మా షాపులో ఆ ఆర్‌సీసీబీ గట్రా ఏమీ లేవు, అక్కడ పడదులే, ఇచ్చెయ్" అన్నాడు.

ఇవ్వలేదు.